ఎక్కువైన తొమ్మిది పోట్లు

"సగం ఖాళీ పెన్ను అంటగట్టారు మాకు!"

మందుల షాపు అద్దాల తలుపు ఇంకా ఊగుతూనే ఉంది. దగ్గు మందు కోసం నిలబడ్డ పెద్దాయన ఒక అడుగు పక్కకు జరిగాడు. కౌంటరు వెనక ఫార్మసిస్టు కళ్లజోడు సర్దుకున్నాడు.

ఎదురుగా ఉన్నది డ్రైవింగ్ స్కూల్ టీచరు. పొద్దున్నే ముగ్గురు కొత్తవాళ్ల పక్కన ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చొచ్చిన మనిషి. ఆమెకు కోపం రావడానికి కారణం అక్కర్లేదు. ఈరోజు కారణం కూడా ఉంది. ఖాళీ ఇంజెక్షన్ పెన్ను కౌంటరు మీద ఠక్కున పడింది.

"ఎముకలు గట్టిపడే మందన్నారు. రోజుకో పోటు, ఇరవై ఎనిమిది రోజులొస్తుందన్నారు. పందొమ్మిదికే అయిపోయింది! పైగా మా అమ్మకి కళ్లు తిరుగుతున్నాయి, వికారం, పిక్కలు పట్టేస్తున్నాయి. ఈ పొద్దున వంటింట్లో పడబోయింది. పడుంటే?"

ఆ ఒక్క మాట మాత్రం ఆమె అరవకుండా అంది.

వాళ్లమ్మ దర్జీ. మూడు నెలల కిందట దుప్పటి దులుపుతుంటే వెన్నుపూస ఒకటి విరిగింది. ఇంకోటి విరిగితే మంచం దిగడం కష్టమని డాక్టరు చెప్పాడు. అలాంటిది, "ఇక ఆ సూది నా ఒంటికి తగలనివ్వను" అని అమ్మ ఇవాళే తెగేసి చెప్పింది.

"సీలు మీ ముందే తీశాను కదండీ," అన్నాడు ఫార్మసిస్టు.

"తీశారు. లోపల ఎంతుందో ఎవరు చూశారు?"

"మందులు కాజేసే రకంలా కనిపిస్తున్నానా?"

"కళ్లజోడు పెట్టుకున్న రకంలా కనిపిస్తున్నారు. మోసగాళ్లకీ కళ్లజోళ్లుంటాయి."

పెద్దాయన దగ్గడం మానేసి వినసాగాడు.

ఫార్మసిస్టు ముక్కుపుటాలు అదిరాయి. అయినా ప్రశ్న మాత్రం నెమ్మదిగానే వేశాడు. "కళ్లు తిరగడం ఎప్పటినుంచి?"

"మొదటి రెండ్రోజులు కాస్త. తర్వాత తగ్గింది. మళ్లీ తొమ్మిది రోజుల్నుంచి."

"ఇంజెక్షన్ ఎవరు చేస్తున్నారు?"

"పది రోజులు నేనే చేశా. తర్వాత నాకు పొద్దున్నే క్లాసులు పడ్డాయి, అమ్మే చేసుకుంటోంది. అయితే?"

అతను వేళ్లు మడిచాడు. "పది రోజులకి పది. తొమ్మిది రోజులకి రెండేసి చొప్పున పద్దెనిమిది. మొత్తం ఇరవై ఎనిమిది." తలెత్తాడు. "అమ్మగారు రోజుకి రెండుసార్లు పొడుచుకుంటున్నారు."

"అంటే మా అమ్మకి మతి పోయిందంటారా?"

"పదండి, ఆవిణ్ణే అడుగుదాం!"

షాపుని తోటి ఫార్మసిస్టుకి అప్పజెప్పి, దారిలోనే డాక్టరుకి ఫోన్ చేశాడు. మందు ఆపి, ఈరోజే రక్త పరీక్ష చేయించమన్నాడు డాక్టరు.

ఇంట్లో కిటికీ పక్కన కుట్టు మిషన్. మెడలో టేపు వేసుకుని అమ్మ కూర్చుని ఉంది.

"అమ్మా, రోజూ రెండుసార్లు పొడుచుకుంటున్నావా?"

"పొడుచుకోనూ? మొదటిది సగం బయటికే కారిపోతుంటే! కుట్టు సరిగ్గా పడకపోతే మళ్లీ వెయ్యమా?"

ఫార్మసిస్టు మందు లేని నమూనా పెన్ను, ఒక దిండు ఆమె ముందు పెట్టాడు. "ఒకసారి చూపించండమ్మా."

ఆమె చటుక్కున దించింది. దించినంత వేగంగానూ లాగేసింది. నలభై ఏళ్లు బట్టలు కుట్టిన చెయ్యి అది. దిగిన సూది వెంటనే పైకి రావాలి. ఆ చేతికి తెలిసిన ధర్మం అదొక్కటే.

"అదీ సంగతి. బటన్ నొక్కాక నిదానంగా ఆరు లెక్కపెట్టి, అప్పుడు తీయాలి. తడి కనిపించినా రెండోది వద్దు. కారేది ఓ చుక్కే, మిగతాదంతా ఒంట్లోకే పోతుంది."

"నాకు సూది పట్టడం నువ్వు నేర్పుతావా?" అమ్మ మండిపడింది.

కూతురు అతని మీదకు తిరిగింది. "ఈ ఆరు లెక్క అమ్మకెందుకు చెప్పలేదు?"

"చెప్పడానికి ఇంటికొస్తానన్నాను. 'నేనే నేర్పుతాలెండి, మీకెందుకు' అన్నది మీరు."

నిజమే. అన్నది. ఆ కోపం ఎవరి మీద పెట్టాలో తెలియక కిటికీ రెక్క ధడాలున మూసింది.

రక్త పరీక్ష బాగానే వచ్చింది. మూడు రోజులాగి కొత్త పెన్నుతో మొదలుపెట్టమన్నాడు డాక్టరు.

"మళ్లీ కళ్లు తిరిగి పడితే దిక్కెవరు?" అమ్మ బెట్టు దిగలేదు.

"ఏడు రోజులు నేనొచ్చి కూర్చుంటాను. సూది పడ్డాక మీరు కాసేపు లేవకూడదు. పడితే నా మీద కేసు పెట్టండి," అన్నాడు ఫార్మసిస్టు.

"పెడతాం," అంది కూతురు.

అతను రోజూ షాపు తెరిచే ముందు వచ్చాడు. వానలో తడిసి కూడా వచ్చాడు.

"రెండు నిమిషాలు ఆలస్యం," అంది కూతురు తలుపు తీస్తూ.

"మీ స్కూలు కారే నాకు అడ్డమొచ్చిందండీ. గేరు మార్చడం ఎవరు నేర్పారో!"

తువ్వాలు అతని మీదకు విసిరిందేగానీ, అతను తల తుడుచుకుంటున్నంతసేపూ చూపు తిప్పుకోలేకపోయింది. మూడో రోజుకల్లా పొద్దుటి క్లాసు వెనక్కి జరిపేసింది. ఎందుకని ఎవరైనా అడిగుంటే కరిచేసేదే.

ఏడో రోజు అమ్మ పైకే ఆరు లెక్కపెట్టి సూది తీసింది. చుక్క తడి లేదు. కళ్లూ తిరగలేదు. అతను నమూనా పెన్ను సంచిలో పెట్టుకున్నాడు.

"ఇక నా అవసరం లేదండీ."

కూతురికి ఒళ్లు మండింది. "అంతేనా? క్లాసు వెనక్కి జరుపుకుని మరీ మీ కోసం గుమ్మం కాశాను. ఇంజెక్షన్ కోసమేనా వచ్చింది?"

"ఇంజెక్షన్ నేర్పడానికి మూడ్రోజులు చాలు!" అతనికీ రోషం పొడుచుకొచ్చింది. "ఏడని ఎందుకన్నాననుకున్నారు? మోసగాడన్న ముద్ర వేశారు, ఇక మీరంటే ఇష్టమని ఏ మొహంతో చెప్పమంటారు?"

ఆమె కిటికీ రెక్క తెరిచింది, మళ్లీ మూసింది.

"దానికంత అరవడమెందుకు?" అంది ఆమె, ఎర్రబడి.

"మీరరుస్తున్నారని!"

"లేచి వంటింట్లోకి పోదామంటే నన్ను లేవొద్దన్నారు," అమ్మ కుర్చీలోంచి విసుక్కుంది. "ఏమే, నీకిష్టమా కాదా?"

"అడిగే పద్ధతేనా అది?"

"ఇష్టమేనట బాబూ. కాకపోతే ఈపాటికి తలుపు చూపించేది. ఆదివారం మీ అమ్మానాన్నల్ని తీసుకురా. తలుపు నేనే లేచొచ్చి తీస్తాను."