నమూనా తాతగారికి తోడు

కాస్త ముందుకు జరిగి కూర్చోండి. ఈ కథలో పాడుపడ్డ మేడ లేదు, శ్మశానం అంతకన్నా లేదు. ఉన్నదల్లా ఒక ఆఫీసు. పాత బిల్డింగులో పై అంతస్తు, వరసగా బల్లలు, గోడకి గడగడమనే వాటర్ కూలర్, కిటికీలకి బూజుపట్టిన పట్టీల తెరలు. మీరూ నేనూ రోజూ చూసే ఆఫీసే.

అక్కడ చేసే పని మాత్రం పోయినవాళ్ళ గురించి మంచి మాటలు రాయడం. ఎవరింట్లోనైనా మనిషి పోతే ఇంటివాళ్ళు వివరాలు పంపుతారు, వీళ్ళు స్మృతి పేజీ తయారు చేస్తారు. భగవంతుడు అందరినీ చల్లగా చూడాలి గానీ, ఆ ఆఫీసుకి పని లేని రోజంటూ ఉండేది కాదు.

అందులో ఒకామె ఎడిటరు. తనకంటే పెద్దవాళ్ళు కూడా ఆమెని అక్క అనే పిలిచేవాళ్ళు. దానికి కారణం ఆమె తమ్ముడు. వాడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఆ బిల్డింగు లిఫ్టు మాటిమాటికీ మొరాయించేది. వాడు సంచీ భుజాన వేసుకుని వచ్చి, పనయ్యాక పైకొచ్చి, గుమ్మంలోంచే "అక్కా! టీ!" అని కేకేసేవాడు. ఆ కేక వినీ వినీ ఆమె అందరికీ అక్కయిపోయింది. అమ్మానాన్నా పోయాక వాణ్ణి పెంచి పెద్దచేసింది ఆమే. పెళ్ళి మాటెత్తితే, "ముందు వాడిది కానివ్వండి" అనేది. ఆమెకి లోకమంటే వాడే. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి.

ఆ పని ఎలా ఉంటుందో రెండు ముక్కల్లో చెప్పకపోతే మీకు భయం సరిగ్గా ఎక్కదు. కంప్యూటర్లో ఒక్కో మనిషికి ఒక అసలు ప్రతి ఉంటుంది. దాన్నుంచి రూపాలు తీస్తారు. వెబ్‌సైటుకి పొడుగు రూపం, ఫోనుకి పొట్టి రూపం, సభలో తెర మీదకి రెండు వాక్యాల రూపం, చదివి వినిపించడానికి ఇంకోటి. నాలుగు. మనిషి ఒక్కడే, మాటలు వేరు. అసలు ప్రతిలో ఏం మార్చినా రూపాలు వాటంతట అవి మారవు. సింక్ అనే బటన్ నొక్కితేనే అసలులో ఉన్నది రూపాల్లోకి దిగుతుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. ఒక రూపాన్ని ఎవరైనా తెరిచి రాస్తుంటే దాని పక్కన తాళం గుర్తు పడుతుంది. అప్పుడు మీరు వేలు పెట్టి సేవ్ చేశారనుకోండి, పాతది చెరగదు. పక్కన కొత్త రూపం పుడుతుంది. అంతే, రెండూ ఉంటాయి. కొత్తగా చేరినవాళ్ళకి అక్క మొదటిరోజే చెప్పేది: "తాళం కనిపిస్తే చేతులు కట్టుకుని కూర్చోండి. లేకపోతే ఒక్క మనిషికి రెండు చావులు రాస్తారు."

అందరూ నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది.

కొత్త కస్టమర్లకి చూపించడానికి ఒక నమూనా పేజీ ఉండాలి కదా. అందులో బతికున్నవాళ్ళ వివరాలు పెట్టకూడదని పెద్ద మేడమ్ నియమం. ఆమె ఆఫీసు పెట్టినావిడ, దైవభక్తి మెండు. అందుకని ఎప్పుడో ఒక లేని మనిషిని పుట్టించారు. నమూనా తాతగారు. పుట్టలేదు, పెరగలేదు, కానీ పోయారు. ఏళ్ళ తరబడి ఆఫీసులో ప్రతివాళ్ళూ ఆయనకి తలో ముక్కా తగిలించారు. ఒకరు గడియారాలు బాగుచేసేవారని రాశారు. ఇంకొకరు ఆయన జేబులో ఎర్ర దువ్వెన పెట్టారు. గొంతు రెండుసార్లు సవరించుకుంటే గానీ మాట్లాడరని ఒకరు, ఒంటికి ఎప్పుడూ నీలగిరి తైలం రాసుకునేవారని ఒకరు.

అక్క రాసింది ఒకే ఒక్క వాక్యం. 'ఆయన ఎక్కడికీ ఒంటరిగా వెళ్ళేవారు కాదు, పక్కన ఎవరో ఒకరు తోడు ఉండాల్సిందే.'

చదవడానికి ఎంత ముద్దుగా ఉందో చూడండి.

ఒక శుక్రవారం, సోమవారం రాబోయే కస్టమర్ ఫోన్ చేసి నమూనాలో ముసలాయన వద్దన్నాడు. కుర్రవాడి పేజీ ఎలా ఉంటుందో చూడాలిట. అక్క తల పట్టుకుని కూర్చుంది. అప్పుడే తమ్ముడు లిఫ్టు పని ముగించి, చేతికి గ్రీజుతో పైకొచ్చాడు.

"నన్ను పెట్టవే అక్కా."

"ఛీ, నోర్ముయ్. శుభమా అని టీకొచ్చి ఏం మాటలురా అవి?"

"పోయాక నువ్వెంత బాగా రాసినా నాకు వినపడదుగా. ఇప్పుడే రాయి, విని పొంగిపోతా. అందగాడు అని మొదలెట్టు."

"అబద్ధాలు రాస్తే నా ఉద్యోగం పోతుంది."

పక్క బల్లవాళ్ళు పడీపడీ నవ్వారు. వాడు చెప్తుంటే ఆమె టైపు చేసింది. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళకి దేవుడికంటే ముందు గుర్తొచ్చేవాడు. అక్క తిట్లు తిని పెరిగినవాడు. అసలు ప్రతిలోంచి తాతగారిని తీసేసి వాణ్ణి పెట్టింది. సింక్ నొక్కింది. నాలుగు రూపాల్లోంచీ తాతగారు వెళ్ళిపోయారు.

గది మూల ఎవరో రెండుసార్లు గొంతు సవరించుకున్నట్టు అనిపించింది. వాటర్ కూలర్ అయ్యుంటుందనుకుంది.

ఆదివారం మధ్యాహ్నం పెద్ద మేడమ్ ఫోన్ చేసింది. గొంతులో కోపం లేదు. అదే అక్కకి నచ్చలేదు.

"తాతగారిని తీసేశావా అమ్మా?"

"సోమవారం వరకే మేడమ్. చూపించాక మళ్ళీ..."

"ఇన్నేళ్ళూ ఆయన్ని అందరం పోయాడు పోయాడు అంటూనే ఉన్నాం. ఆయనకి ఉండటానికి ఆ చోటు ఒక్కటే ఉంది. ఇప్పుడే వెళ్ళి వెనక్కి పెట్టు. నేను ప్రార్థన చేసుకుంటుంటే మనసు నిలవడం లేదు."

చాదస్తం అనుకుంటూనే అక్క బయల్దేరింది. వాన మొదలైంది. ఆఫీసులో కరెంటు లేదు. బ్యాటరీ మీద ఆమె కంప్యూటర్ ఒక్కటే వెలుగుతోంది. కిటికీ పట్టీల సందుల్లోంచి బూడిదరంగు వెలుతురు. తడిసిన తివాచీ వాసన. బ్యాటరీ పెట్టె ఉండుండి కుయ్‌మంటోంది. పట్టపగలు, కానీ గది చివరి బల్ల కనిపించడం లేదు.

అసలు ప్రతి తెరిచింది. తమ్ముణ్ణి తీసి తాతగారిని వెనక్కి పెట్టింది. హమ్మయ్య అనుకుని సింక్ నొక్కబోతూ ఆగింది.

రూపాలు నాలుగు కావు. ఐదున్నాయి.

ఐదోదాని పక్కన తాళం గుర్తు. రాస్తున్నవారు అన్న చోట, నమూనా అని ఉంది. అలాంటి పేరుతో ఆఫీసులో ఎవరూ లేరు. తెరిచి చదివింది.

'అతను ఆదివారం కూడా పని మానలేదు. ఖాళీ బిల్డింగులో లిఫ్టులో ఇరుక్కున్న పెద్దాయన పిలిస్తే వెళ్ళాడు. చివరిగా అక్కతోనే మాట్లాడాడు.'

ఆమెకి ఒళ్ళు మండింది. వెధవ, శుక్రవారం పక్కనే కూర్చుని పాస్‌వర్డ్ చూసినట్టున్నాడు. ఫోన్ చేసింది.

"ఏరా, వేళాకోళానికి హద్దుండక్కర్లేదా?"

"ఏమైందే? నేను పనిలో ఉన్నా."

"ఆదివారం ఏం పనిరా?"

"ఎవరో పెద్దాయన ఫోన్ చేశాడు, లిఫ్టులో ఇరుక్కున్నానని. పాపం, గదులన్నిటికీ తాళాలు. వాచ్‌మన్ కూడా లేడు. ఇప్పుడే తలుపు తీశా."

అక్క ఐదో రూపాన్ని మళ్ళీ చదివింది.

"ఎలా ఉన్నాడు?"

"ఎలా ఉంటాడు? తాతల్లాగే ఉన్నాడు. లిఫ్టంతా నీలగిరి తైలం కంపు."

ఫోన్లో, వాడి వెనక, ఎవరో గొంతు సవరించుకున్నారు. ఒకసారి... మళ్ళీ ఒకసారి.

"నాన్నా, నా మాట విను," గుసగుసగా అంది. ఎందుకు గుసగుసలాడుతోందో ఆమెకే తెలియదు. "లోపలికి అడుగు పెట్టకు."

"పెట్టేశానే. మోకాళ్ళు నొప్పిట, చెయ్యి పట్టుకుంటే దిగుతానన్నాడు."

"బయటికి రా. ఇప్పుడే రా."

"ఏమైందే నీకు... ఆగు. తలుపు మూసుకుంది. నేనేం నొక్కలేదే."

ఆమె సింక్ నొక్కింది. నాలుగు రూపాల్లోకీ తాతగారు వచ్చేశారు. ఐదోది కదల్లేదు. దానికి పైన అసలు ప్రతే లేదు. ఎక్కణ్ణుంచీ తీసిన రూపం కాదది.

"అక్కా, కిందికి దిగుతోంది."

ఐదో రూపాన్ని తీసేద్దామనుకుంది. ఆ బటన్ పనిచేయలేదు. ఎవరో రాస్తున్నారు కదా. ఆమె కళ్ళ ముందే చివరి వాక్యం తర్వాత అక్షరాలు పడుతున్నాయి. తాపీగా, ఒక వేలితో కొట్టినట్టు.

'ఆయన ఎక్కడికీ ఒంటరిగా వెళ్ళరు. ఈసారి తోడు, తమ్ముడు.'

"అక్కా..." వాడి గొంతులో నవ్వు పోయింది. "కింద అంతస్తు దాటేసింది. ఈ బిల్డింగుకి కింద ఇంకేం లేదే. గుంత ఒక్కటే. నేనే గ్రీజు పెట్టా... ఇంకా దిగుతోంది."

"ఆయన్ని చూడకు. నాతో మాట్లాడు. మాట్లాడుతూనే ఉండు."

"చెయ్యి వదలట్లేదే. ఎంత చల్లగా ఉందో..."

చిన్నప్పుడు వాడికి జ్వరమొస్తే రాత్రంతా ఆమె ఒకటే ప్రార్థన చేసేది. ఆ జ్వరమేదో నాకివ్వు స్వామీ అని. ఇప్పుడూ అదే నోటికొచ్చింది. చేతులు వాటంతటవే కదిలాయి. తమ్ముడు అన్న మాట చెరిపేసి, ఆ చోట అక్క అని రాసింది. సేవ్ నొక్కింది.

అక్షరాలు పడటం ఆగింది.

ఫోన్లో కూడా అంతా ఆగింది.

"ఏరా?... ఉన్నావా?"

"ఆగిందే," అన్నాడు వాడు. ఊపిరి పీల్చుకున్న చప్పుడు. "తలుపు తెరుచుకుంది."

అక్క బల్ల మీద తల పెట్టి ఏడ్చేసింది. దేవుడా, దేవుడా అంటోంది. ఇంకో మాట రావడం లేదు.

"ఎక్కడున్నావురా? బయటికి వచ్చెయ్యి."

"అదే అర్థం కావట్లేదు. ఇది మీ ఆఫీసులా ఉందే. కంప్యూటర్ వెలుగుతోంది. నీ శాలువా కుర్చీకి వేలాడుతోంది. కుర్చీ ఖాళీగా ఉందే. ఎక్కడికెళ్ళావ్?"

ఆమె ఆ కుర్చీలోనే ఉంది. శాలువా వీపుకి తగులుతోంది.

మెల్లిగా తల తిప్పి గుమ్మం వైపు చూసింది. ఎవరూ లేరు. లిఫ్టు తలుపు మూసే ఉంది. మళ్ళీ తెర వైపు చూసింది. ఐదో రూపం అలాగే ఉంది. తోడు, తమ్ముడు. దాని కింద, కొత్తగా, ఆరోది. తోడు, అక్క.

తాళం ఉండగా సేవ్ చేసింది. పాతది చెరగదు.

ఈ పాఠం ఎంతమందికి చెప్పిందో.

"అక్కా," అన్నాడు వాడు గుసగుసగా. "తాతగారు నీ కుర్చీ దగ్గరికి వెళ్తున్నాడే. ఎవరితోనో మాట్లాడుతున్నాడు..."

నీలగిరి తైలం వాసన. మెడ మీద చల్లగా ఊపిరి.

ఒకసారి.

మళ్ళీ ఒకసారి.

సోమవారం పొద్దున పెద్ద మేడమే తలుపు తీసింది. కరెంటు వచ్చింది. శాలువా కుర్చీకే ఉంది, చెప్పుల జత బల్ల కిందే ఉంది. ఊరి అవతల ఒక ఖాళీ బిల్డింగులో లిఫ్టు పక్కన మెకానిక్ సంచీ దొరికిందని మధ్యాహ్నం కబురొచ్చింది. లిఫ్టు గుంతంతా దీపాలేసి వెతికారు. గుంతలో గ్రీజూ, ఒక ఎర్ర దువ్వెనా తప్ప ఏమీ లేవు.

ఆ కబురుకి ముందే మేడమ్ నమూనా పేజీ తెరిచింది. తాతగారు తన చోట తానున్నారు. ఆమె చేతులు జోడించుకుంది. కింద, చదివి వినిపించే రూపానికి ఒక ఆడియో జతచేసి ఉంది. నమూనాకి ఎవరూ ఎప్పుడూ ఆడియో రికార్డు చేయలేదు. దాన్ని నొక్కింది.

రెండుసార్లు గొంతు సవరించుకున్న చప్పుడు. తర్వాత ఒక ముసలి గొంతు, తాపీగా, తన గురించి తనే చదువుకుంటోంది. ఆ గొంతు వెనక, చాలా దూరంగా, ఎవరో కుర్రవాడు పిలుస్తున్నాడు. అక్కా... అక్కా... ఇంకా దూరంగా, టకటకమని కీబోర్డు. ఎంత తొందరగా కొడుతున్నారంటే, ఏదో చెరిపేయాలని చూస్తున్నట్టు. మళ్ళీ మళ్ళీ అదే పని చేస్తున్నట్టు.

ఆడియో అయిపోయింది.

టకటకలు ఆగలేదు. అక్క బల్ల దగ్గర్నుంచే వస్తున్నాయి.

మేడమ్ అటు చూడలేదు. తెర మీదే చూపు నిలిపి దేవుడి పేరు తలుచుకుంటూ కూర్చుంది. అక్కడ ఆరు రూపాలు కాస్తా ఏడయ్యాయి. ఏడోదాని పక్కన తాళం. రాస్తున్నవారు, అక్క.

అందులో ఏం రాసి ఉందో ఇప్పటికీ ఎవరూ తెరిచి చూడలేదు. కానీ ఆ రూపానికి పైన ఒక పేరు పెట్టి ఉంది. అది తాతగారిదీ కాదు, తమ్ముడిదీ కాదు.

పెద్ద మేడమ్‌ది.