ఇంటికి ఏ మిషన్ మంచిది

...చిన్నదైతే టేబుల్ మీద పెట్టుకోవచ్చు. పెద్దదైతే గది కావాలి. చిన్నది ఫ్రిజ్‌లా గుర్రుమంటుంది. పెద్దది బియ్యం మిల్లులా అరుస్తుంది. చిన్నది కరెంటు చప్పరిస్తుంది. పెద్దది...

ఛీ! ఇప్పుడెందుకివన్నీ?

హరీష్ పరుగెడుతున్నాడు.

మొక్కజొన్న చేను. కుంగుతున్న పొద్దు. ఆకులు ముఖాన్ని కోస్తున్నాయి. ఒక చెప్పు ఎక్కడో ఊడిపోయింది.

అయినా మనసు పోలుస్తూనే ఉంది. నంద్యాలలో షాపు పెట్టినప్పటి నుంచి అతనికదే పని. క్రిప్టో అనే కంప్యూటర్ నాణేలు తవ్వే మిషన్లలో ఏది ఇంటికి పనికొస్తుంది, ఏది కరెంటు తాగేస్తుంది, ఏది గదిని కుంపటి చేస్తుంది... చెప్పీ చెప్పీ నాలుక అరిగింది. ఆ పాఠం భయంలో కూడా ఆగడం లేదు.

వెనక ఎవరైనా వస్తున్నారా?

ఆగాడు. చెవి రిక్కించాడు.

ఏమీ లేదు!

ఇందాక ఇంత నిశ్శబ్దం లేదు. ఆళ్లగడ్డ అవతల, రైతు మద్దిలేటి తోటలోని షెడ్డులో పెద్ద మిషన్ హోరెత్తిపోతూ ఉండింది. పోయిన వేసవిలో హరీష్ అమ్మిన మిషనే. ఇంటి మీటరుకు పెడితే బిల్లు నడ్డి విరుస్తుందని, బోరు మోటరుకు వచ్చే ఉచిత కరెంటుకు దాన్ని దొంగచాటుగా తగిలించింది కూడా అతనే.

ఇవాళ మద్దిలేటి ఫోన్ చేశాడు.

"ఇంట్లో పెట్టుకునే చిన్నది కూడా తీసుకురాప్పా. రెండూ పక్కపక్కన చూస్తా."

తెచ్చాడు. ఉత్సాహంగా డబ్బా విప్పాడు. దీని రాబడి ఇంత, దాని వేడి అంత అని మొదలుపెట్టాడు.

మద్దిలేటికి అవేవీ పట్టలేదు.

"శబ్దం?"

"చిన్నదానికి ఉండదన్నా. పక్కనే పసిబిడ్డను పండబెట్టొచ్చు."

"పెద్దదానికి?"

"పక్క గదిలో మనిషి అరిచినా ఇనపడదు!" నవ్వాడు హరీష్.

అప్పుడే పోయింది కరెంటు!

బోరు కరెంటు పగలే వస్తుంది. సాయంత్రానికి తీసేస్తారు. చిన్నప్పటి నుంచి నీళ్లు కట్టిన మద్దిలేటికి ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ మోటరు ఆగుతుందని తెలిసినవాడికి, దానితోపాటు ఈ మోత కూడా ఆగుతుందని ఇవాళ మాత్రం తట్టలేదు.

మిషన్ ఫ్యాన్లు మూలిగి ఆగాయి.

గోడ అవతల నుంచి...

"నీళ్లు... యెవరన్నా ఉండారా... నీళ్లు..."

హరీష్‌కి ఆ గొంతు తెలుసు. దేవదానం! ఆ ఊరి లైన్‌మన్!

అంతే. పరుగు!

చేను అయిపోయింది. కాలువ గట్టు. గట్టు దిగితే రోడ్డు. రోడ్డు పక్కన బండి!

గట్టు మీదికి పాకాడు. తల ఎత్తాడు.

బండి ఉంది.

బండి మీద మద్దిలేటి కూర్చుని ఉన్నాడు!

ఒళ్లో తుపాకీ. వెనక జీపు. ఆయనకు ఆయాసం కూడా లేదు.

"యాడికప్పా ఉరుకుతాండావ్? బండి తాళం షెడ్డులో ఇడ్సిపెట్టి, ఏం తోసుకుంటా పోతావా?"

తాళం విసిరాడు. హరీష్ కాళ్ల దగ్గర పడింది.

"తీసుకో. స్టేషన్‌కి పోయి చెప్పు."

"అన్నా... నేనెవరికీ..."

"చెప్పప్పా! లైన్‌మన్‌ను మద్దిలేటి కట్టేసినాడని చెప్పు. యెందుకంటారు. దొంగ కరెంటు పట్టుకున్నాడని చెప్పు. ఆ వైరు యెవరు గుంజినారంటారు. అదీ చెప్పు."

"ఫైన్ కట్టేద్దామన్నా! మనిషిని ఇడ్సిపెట్టు, నీ కాళ్లు మొక్కుతా..."

"వాని తల పగలగొట్టినా. ఇంగ ఇడ్సేదేంది? నా పేరు జెప్తాడు. నీదీ జెప్తాడు. పొద్దున ఆ వైరు చూస్తానే వాని నోట్లో నుంచి వచ్చింది నీ పేరేప్పా. 'ఇది హరీష్ చేతి పని' అన్యాడు."

హరీష్ లోపల ఏదో కదిలింది. భయం అనుకున్నాడు. కాదు. కోపం! మద్దిలేటి మీద కాదు. తల పగిలి, దాహంతో ఏడుస్తున్న ఆ మనిషి మీద! నా పేరెందుకు చెప్పావ్?

ఆ కోపం ఎంత హాయిగా ఉందో గమనించి, తనను చూసి తనే వణికాడు.

మద్దిలేటి జేబులో ఫోన్ మోగింది. దేవదానం ఫోన్. తెర మీద సలోమి అని పేరు.

"పెండ్లాం. మద్దేనం నుంచి ఇదే పని. బువ్వకు రాలేదని."

ఆగేదాకా మోగనిచ్చాడు. తర్వాత జీపు ఎక్కి, పక్క తలుపు తెరిచి ఉంచాడు. తుపాకీ ఎత్తలేదు. పిలవలేదు.

హరీష్ తాళం తీసుకున్నాడు. బండి ముందుంది. రోడ్డు ఖాళీగా ఉంది.

జీపు ఎక్కాడు.

షెడ్డు. చీకటి మూలల్లో ఇంకా పోని వేడి.

"ఈ షెడ్డుకు ఇంటి లైను కూడా ఉండాది. దానికి తగిలియ్యి."

"సన్న వైరన్నా. కాలిపోతాది."

"శానా సేపు అక్కర్లేదు."

"ఏది తగిలియ్యాల? చిన్నదా..."

"నువ్వే చెప్తివి గదప్పా, ఏది మంచిదో."

బయట ఆడవాళ్ల నవ్వులు. పక్క చేలో కూలీలు సద్దులు సర్దుకుంటున్నారు. మద్దిలేటి అటు చూశాడు. గొంతు తగ్గించాడు.

"ఇప్పుడు పేలిస్తే అందరూ ఉరికొస్తారు. మోత రానీ."

తుపాకీతో లోపలి గదిలోకి పోయాడు. తలుపు దగ్గరికేశాడు.

హరీష్ వేళ్లు వాటంతట అవే పని చేస్తున్నాయి. పెద్దదాని వైరు చెక్కాయి. మెలిపెట్టాయి. బిగించాయి.

స్విచ్ ఒక్కటే మిగిలింది.

ఒక్క కేక చాలు! ఆ ఆడవాళ్లు వస్తారు. సలోమి మొగుడు ఇంటికి పోతాడు. హరీష్ కోర్టుకు పోతాడు. షాపు పోతుంది. నంద్యాల బజారులో వేళ్లు తనవైపు లేస్తాయి.

ఇటు ఇది. అటు అది.

మనసు పోల్చడం మొదలుపెట్టింది. దానికి తెలిసిన పని అదొక్కటే.

"హరీషన్నా..." లోపలి నుంచి. మెల్లగా. నమ్మకంగా. "నువ్వేనా అన్నా? నీ గొంతు ఇన్యా... ఈయనకు చెప్పన్నా..."

నోరు తెరిచాడు హరీష్. గాలి నిండా పీల్చాడు.

బయట నవ్వులు దూరమవుతున్నాయి. ఇంకా వినపడేంత దగ్గరే!

"హరీషన్నా!"

స్విచ్ వేశాడు.