మూడో సొరంగం నుంచి వచ్చిన వరసలు

కింది అంతస్తులో లాగ్ సర్వరున్న గదంటే ఆ ఆఫీసులో అందరికీ హడలే. మూడో సొరంగం కూలిన దగ్గర్నుంచీ, పొద్దుగూకితే అటు తొంగిచూసినవాళ్లు లేరట. పోయినవాళ్లు ఆ తెర మీద మాట్లాడతారని... వాచ్‌మన్ ఒట్టేసి మరీ చెప్పేవాడు.

అక్కడ లాగ్ చూసే ఆమెకి మాత్రం తప్పదు. అదే ఆమె డ్యూటీ. సొరంగాల్లో నీళ్లు తోడే పంపులు తమ సంగతులన్నీ నెట్‌వర్క్ మీద ఆ సర్వరుకి పంపుతుంటాయి. తెర మీద పడే ఆ వరసలు చూస్తూ కూర్చోవాలి.

ఆమె తమ్ముడు మూడో సొరంగం పంపు దగ్గరే పనిచేసేవాడు. మట్టి కింద పడి పన్నెండు రోజులు.

ఆ సాయంత్రం దీపాలు వేసే వేళకి, తెర మీద ఓ వరస పడింది —

"మూడో సొరంగం. లైను కలిసింది."

ఆ పంపు మట్టిలో ఉంది కదా...

ఇంకో వరస. ఇంకోటి. ఊపిరి తిప్పుకోకుండా... నీటిమట్టం, బ్యాటరీ — వాటి మధ్యలో ఎవరో చేత్తో కొట్టినవి.

"ఫోన్ పనిచెయ్యట్లేదు. ఈ పంపు మీటల మీద కొడితే నీకు కనిపిస్తుంది కదక్కా."

"కనిపిస్తోందిరా..." గొణిగింది తెరతో. ఆ దారిలో అట్నుంచి ఇటు రావడమే. ఇట్నుంచి ఒక్క అక్షరం పోదు.

"నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి. ఎవర్నైనా తొందరగా పంపు."

వెనకాల అడుగుల చప్పుడు... తల తిప్పే ధైర్యం చాల్లేదు.

"దడుచుకోకమ్మా. నేనే." కేబుళ్లు అతికే మేస్త్రీ, బురద కాళ్లతో. "సొరంగం మొగ నుంచి ఇటు తెగిన లైను ఇందాకే కలిపాం. లైను లేనప్పుడు పంపలేకపోయినవన్నీ ఆ మొగలో ఉన్న పెట్టె దాచుకుంటుంది. కలవగానే ఒక్కసారి కుమ్మరించేస్తుంది. అన్నీ పాతవే. దెయ్యం లేదు, గియ్యం లేదు."

"పాతవా?"

"పాతవేనమ్మా."

ప్రతి వరస మొదట్లోనూ తేదీ ఉంటుంది. అప్పటిదాకా ఆమె మాటలే చూసింది. ఇప్పుడు వేలు పెట్టి తేదీలు చదివింది. మొదటి రోజు... మూడో రోజు... ఐదో రోజు...

ఏడో రోజు దగ్గర వరసలు అయిపోయాయి.

"పైన తవ్వే చప్పుడు మూడు రోజులుగా వినబడట్లేదు. ఇంకో పక్క నుంచి వస్తున్నారా అక్కా?"

వేలు అక్కడే ఉండిపోయింది.

"ఏమైందమ్మా?" అన్నాడు మేస్త్రీ.

ఇంక లాభం లేదన్నారని, వెతకడం ఆపెయ్యమని ఇంటి తరఫున సంతకం పెట్టింది ఆమే... నాలుగో రోజున.