చైత్ర ఎవరి పిల్ల?

మేస్త్రీ రేకు ఎత్తాడు. వెంటనే వెనక్కి గెంతాడు.

సంపు అడుగున ఒక అమ్మాయి పడి ఉంది.

హోసూరు మూకండపల్లి బాలికల హోమ్ వెనకాల కొత్తగా తవ్విన నీళ్ళ సంపు అది. మంగళవారం ఉదయం లోపల సిమెంటు పూయడానికి వచ్చిన మేస్త్రీయే పోలీసులకు ఫోన్ చేశాడు.

ఎస్సై ఉదయశ్రీ నిచ్చెన వేయించుకుని దిగింది. తల వెనక దెబ్బ. ఒక కాలు విరిగింది. చెవికమ్మలు అట్లాగే ఉన్నాయి. కాళ్ళకు చెప్పులు లేవు. పక్కన గుడ్డసంచి. దాంట్లో కొత్త పావడ, జాకెట్టు. చిన్నపిల్లవి.

పైకి వచ్చి రేకును చూసింది. పక్కనే మేస్త్రీ దాని మీంచి తీసి పెట్టిన నాలుగు బండరాళ్ళు.

"రేకు మీద ఈ రాళ్ళు నువ్వే పెట్టినావా అప్పా?"

"లేదమ్మా. శనివారం మేము పోయేటప్పుడు సంపు తెరిచే ఉండె. రేకు గోడకు ఆనించి పోయినాము."

అంటే, అమ్మాయి పడిన తర్వాత ఎవరో మూశారు.

హోమ్ సూపరింటెండెంట్ జయలక్ష్మమ్మ శవం ముఖం చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చైత్ర! ఈడే పెరిగింది మేడం. కానీ…"

"కానీ?"

"పద్దెనిమిది నిండినాయని కృష్ణగిరి ఆడవాళ్ళ హోమ్‌కు పంపేసినాము. ఇప్పుడు మా పిల్ల కాదు."

ఉదయశ్రీ కృష్ణగిరికి ఫోన్ చేసింది. వార్డెన్ సెల్వి పలికింది.

"ఆదివారం మధ్యాహ్నం బయటికి పోయింది మేడం. తిరిగి రాలేదు."

"కంప్లైంట్ ఇచ్చినారా?"

"హోసూరు హోమ్‌కు చెప్పినాను. 'ఆమె మీ మనిషి, మాకు తెలీదు' అన్నారు. మేజర్ కదా, ఎవడితోనో పోయింటుందని ఊరుకున్నాము. ప్రతి ఆదివారం పౌడరేసుకొని పోతా ఉండె."

కానిస్టేబుల్ దేవేంద్ర అప్పుడే కేసు తేల్చేశాడు. "లవ్ ఎఫైర్ మేడం. వాడే చంపి ఈడ పడేసినాడు."

"మరి ఈ పావడ?"

"కృష్ణగిరి హోమ్‌లో టైలరింగ్ యూనిట్ ఉంది. అమ్ముకోను తెచ్చింటుంది."

ఉదయశ్రీ పావడను జీపు బానెట్ మీద పరిచింది. తిరగేసి లోపలి వైపు చాలాసేపు చూసింది.

మధ్యాహ్నం ఆసుపత్రిలో డాక్టరు గ్లవ్స్ తీస్తూ అన్నాడు. "పెనుగులాట జరిగిన గుర్తులు లేవు. పడినందువల్ల పోయిన ప్రాణమే. అయితే వెంటనే పోలేదు మేడం. తెల్లవారేదాకా ఉండి ఉండొచ్చు."

సాయంత్రం హోమ్ హాల్లో ముగ్గురిని కూర్చోబెట్టింది. జయలక్ష్మమ్మ, సెల్వి, వాచ్‌మన్ పిల్లప్ప.

"చైత్రకు ప్రియుడెవరూ లేరు," అంది ఉదయశ్రీ. పావడ అంచు తిప్పి చూపించింది. "లోపల నాలుగు వేళ్ళ మడత. అమ్మకానికి కుట్టేవాళ్ళు గుడ్డ ఇంత వేస్ట్ చేయరు. పిల్ల ఎదిగేకొద్దీ విప్పి పొడుగు చేద్దామనుకునేవాళ్ళు ఇట్లా కుడతారు. చైత్రకు ఈడ ఎవరున్నారు?"

జయలక్ష్మమ్మ తల వంచుకుంది. "చెల్లెలు. గంగాభవాని. తొమ్మిదేండ్లు."

"యాడుంది?"

"ఈడ చోటు చాలక పోయినవారం ఊత్తంగరై హోమ్‌కు మార్చినారు."

"అక్కకు చెప్పినారా?"

"ఆమె కృష్ణగిరి వాళ్ళ చేతిలో ఉంది కదా మేడం."

"చెల్లెలుందనే మాకు తెలీదు!" సెల్వి గొంతు లేచింది. "పంపేటప్పుడు మీరు చెప్తే కదా!"

"మీరు అడిగితే కదా!"

ఉదయశ్రీ చెయ్యెత్తింది. ఇద్దరూ ఆగారు.

"ఒకర్ని ఆడికి, ఒకర్ని ఈడికి పంపినారు. వాళ్ళిద్దరికీ ఒకరి సంగతి ఒకరికి చెప్పడం ఎవరి పని?"



"పిల్లప్పా!" ఆమె వాచ్‌మన్ వైపు తిరిగింది. "గోడల మీద గాజుపెంకులున్నాయి. ముందు గేటు కెమెరాలో చైత్ర లేదు. వెనక గేటు తాళం పగల్లేదు. దాని చెవి నీ దగ్గరే ఉంది."

పిల్లప్ప కుర్చీలోంచి జారి నేల మీద కూలబడ్డాడు.

"నేనే లోపలికి విడుస్తా ఉంటిని అమ్మా. బయటోళ్ళను రానీవద్దని రూలు. ఈడ పెరిగిన బిడ్డ బయటిదెట్ల అవుతుంది? వారవారం కిటికీలోంచి చెల్లెలికి జడేసి పోతా ఉండె."

"ఆదివారం చెల్లెలు లేదని చెప్పినావా?"

"నోరు రాలేదమ్మా. నవ్వుకుంటా వచ్చింది. 'పో, నువ్వే చూసుకో' అని ముందర గేటుకు వచ్చేసినాను. మసక పడింది. ఒక్కో కిటికీ దగ్గర నిలబడి 'భవానీ, భవానీ' అని పిలిచేది వినబడతానే ఉండె. తర్వాత ఆగిపోయింది. వెళ్ళిపోయిందనుకున్నాను. సంపు ఆ వారమే తవ్వినారు. ఆ బిడ్డకు తెలీదు."

"సోమవారం పొద్దున?"

"సంపు పక్కన చెప్పులు కనిపించినాయి. లోపల చూస్తే కదల్లేదు. గేటు తీసింది నేనే కదా అని భయపడినాను. చెప్పులు దాచి, రేకు మూసి రాళ్ళు పెట్టినాను." తల నేలకేసి కొట్టుకున్నాడు. "పడగానే పోయింటుంది కదమ్మా? బాధ పడింటుందా?"

డాక్టరు మాట ఉదయశ్రీ గొంతు దాకా వచ్చి ఆగింది. కోర్టులో ఎట్లాగూ వింటాడు. అతన్ని జీపెక్కించమని దేవేంద్రకు సైగ చేసింది.

మర్నాడు ఉదయం ఊత్తంగరైకి ఆమె ఒక్కతే పోయింది. ఫోన్లో చెప్పడానికి మనసొప్పలేదు.

గంగాభవాని వరండా మెట్టు మీద కూర్చుని ఉంది. ఖాకీ చూసి లేచి నిలబడింది.

"మేడం, మీరు హోసూరు నుంచి వచ్చినారా? నేనీడ ఉండేది మా అక్కకు చెప్పినారా?"

ఉదయశ్రీ టోపీ తీసి మెట్టు మీద కూర్చుంది.

"చెప్పకపోతే మా అక్క ఆడికే పోతుంది. నేను కనబడకపోతే ఏడుస్తుంది."

"పోయిందమ్మా," అంది ఉదయశ్రీ. "పోయి, నీకోసం శానా వెతికింది."

పిల్ల చెప్పులేసుకుంది. చెయ్యి చాపింది.

"అట్లయితే రండి, పోదాం. ఆడే ఉంటుంది."

ఉదయశ్రీ ఆ చిన్న చేతిని రెండు చేతులా పట్టుకుంది. మెట్టు మీద నుంచి లేవలేకపోయింది.