రెండు గంటలకోసారి

కోరుట్లలో ఆ పొద్దున మాధవి జగిత్యాల బస్సు కోసం హడావిడిగా తయారవుతోంది. లచ్చవ్వ టిఫిన్ డబ్బా మూత బిగిస్తూ, కోడలి మొహం చూడకుండానే అడిగింది.

"డ్యూటీ రెండింటికి అయిపోతదంటవు. ఇల్లు చేరేసరికి ఆరైతది. దవాఖాన లైబ్రరీల నీకేం పని?"

"చదువుకుంటున్న అత్తమ్మా. మంచం పట్టినోళ్లకు పుండ్లు పడకుండ మా వార్డుల ఒక పద్ధతి చేసి చూసినం. శనివారం డాక్టర్ల ముందు చెప్పాలె."

లచ్చవ్వ చేయి ఆగిపోయింది. ఆ శనివారమే సిరిసిల్లలో తమ్ముడు ఎల్లేశం కూతురి ఎంగేజ్‌మెంట్. ఒక్కగానొక్క కోడలు లేకుండా చుట్టాల్లోకి ఏ మొహంతో వెళ్లాలి?

"గది ఇంకొకలు చెప్తరు తియ్యి. మంచాలు సాపుచేసే పనికి గింత చదువెందుకు?"

మాధవి భర్త జితేందర్ తలెత్తి తల్లిని చూశాడు. మాధవి గుమ్మంలో ఆగింది.

"మామయ్య నాలుగు నెలలు కదలకుండ పండుకున్నడు. నేనింక నర్సింగుల చేరలే గప్పుడు. తిప్పితే నొప్పైతదని మనం ముట్టకపోతిమి. ఆ వీపు నేను మరిచిపోలే అత్తమ్మా."

ఆమె వెళ్లిపోయింది. లచ్చవ్వ గుమ్మం దాకా వచ్చి నిలబడింది. భర్త పరశురాములును నొప్పి పెట్టకూడదనే కదా తను అలా ఉంచింది. కోడలు డాక్టర్ల ముందు ఏం చెప్తుందో తనే వినాలనుకుంది.

శనివారం కొడుకును ఒక్కడినే ముందుగా సిరిసిల్ల పంపి, తను జగిత్యాల బస్సెక్కింది. ఆసుపత్రి హాల్లో వెనక వరుసలో కూర్చుంది. పక్క కుర్చీలో ఉన్నది లైబ్రరీ చూసే స్వర్ణలత.

"మాధవి అత్తగారా మీరు? మూడు నెలలు డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంగ్లిష్ వ్యాసాలు చదివిందమ్మా. నేను వెతికిచ్చిన, గంతే. అర్థం చేసుకున్నది ఆమెనే."

హాలు ముందు భాగంలో మాధవి మాట్లాడుతోంది.

"రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని అందరికి తెలుసు. తిప్పేటోళ్లు సరిపోరు. గందుకే పేషెంట్ ఇంటోళ్లకే నేర్పినం. అంతకుముందు మూడు నెలల్ల పదకొండు మందికి పుండ్లు పడ్డయి. నేర్పినంక మూడు నెలల్ల ఇద్దరికే."

పెద్ద డాక్టరు కళ్లజోడు సర్దుకున్నాడు. "ఇంటివాళ్లు భయపడరా?"

"భయపడ్తరు సార్. వాళ్లు ప్రేమతోనే ముట్టరు. ముందు ఆ మాట వాళ్లకు చెప్పి, తర్వాత చెయ్యి పట్టుకొని నేర్పాలె."

డాక్టరు ఆ మాట రాసుకున్నాడు. ఇన్నాళ్లూ గుండె మీద ఉన్న రాయిని ఎవరో పక్కకు జరిపినట్టయింది లచ్చవ్వకు. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

సభ అయ్యాక మాధవి అత్తను చూసి నిలబడిపోయింది. "మీరు సిరిసిల్ల పోలేదా?"

"నువ్వు లేకుండ ఎట్ల పోతనే? నోరు జారిన, బిడ్డా. మనసుల పెట్టుకోకు."

మాధవి ఆమె చేతులు పట్టుకుంది.

ఇద్దరూ సిరిసిల్ల చేరేసరికి ఉంగరాలు మార్చుకోవడం అయిపోయింది. "ఇప్పుడా అక్కా వచ్చుడు?" అన్నాడు ఎల్లేశం నిష్ఠూరంగా.

లచ్చవ్వ కోడలిని చుట్టాల నడుమకు తీసుకొచ్చి నిలబెట్టింది.

"ఆలస్యమైంది తమ్మీ. జగిత్యాలల డాక్టర్లందరు మా మాధవి చెప్తుంటె రాసుకుంటున్నరు. గది చూసుకుంట కూసున్న."