నవ్వినప్పుడల్లా ఒక మెట్టు

ఆసుపత్రి నుంచి స్వస్థపత్రం వచ్చిందని ఇంట్లోని మాట్లాడే గోడ చెప్పేసరికి వకుళ పనసతొనలు ఒలుస్తోంది. చేతుల నిండా నూనె, జిగురు. అందుకని తెరవడం మానేసి గోడనే చదవమంది.

"వకుళ గారి అనుమానాంకం ముప్పై నాలుగు నుంచి ఆరుకు దిగింది. మీరు స్వస్థులు. ఈ సాయంత్రం ఏడింటిలోగా సరే అంటే, మీ లయకారికి ప్రస్తుతం ఉన్న స్థాయిలోనే ఐదేళ్లకు స్థిరముద్ర వేస్తాం. అభినందనలు."

ప్రద్యుమ్న పక్కగదిలోంచి పరిగెత్తుకొచ్చి, జిగురు సంగతి కూడా చూడకుండా ఆమె చేతులు పట్టుకుని గిరగిరా తిప్పేశాడు. పెళ్లయి పంతొమ్మిది రోజులు. ఇలా తిరగడానికి వాళ్లకు పెద్ద కారణాలేవీ అక్కర్లేకపోయింది. పాలు పొంగకుండా ఆపగలిగినందుకు ఒకసారి తిరిగారు. కాకినాడ తీరానికి వాన వచ్చినందుకు ఒకసారి. దిండు గలీబుల రంగు ఇద్దరికీ ఒకేసారి నచ్చినందుకు మరోసారి.

"ఆరా? నాకే తొమ్మిది ఉంటుంది," అన్నాడతను. "ఇంట్లో అనుమానం మనిషి ఇక నేనే."

ఆ రోజుల్లో ఓసీడీ అనే వదలని అనుమానాల జబ్బుతో బాధపడేవాళ్లలో చాలామంది తలలో లయకారి ఉండేది. మెదడు లోతుల్లో, భయమూ కోరికా ఒకదాన్నొకటి ఒరుసుకునే చోట వెంట్రుకంత తీగ. భుజం కింద, చర్మం లోపల చింతగింజంత బ్యాటరీ. తీగలోంచి సన్నని కరెంటు ఆగకుండా పారుతుంటుంది. ఎంత పారాలో యంత్రమే చూసుకుంటుంది. అది లేనప్పుడు వకుళ స్టవ్ మీటలు పదేపదే ముట్టి చూసుకోనిదే గడప దాటేది కాదు. డిగ్రీలో ఒక పరీక్ష, సగం దారిలోంచి ఇంటికి తిరిగి వెళ్లడంలోనే పోయింది. ఏడాది కిందట ఆపరేషన్ బల్ల మీద మొదటిసారి కరెంటు వదలగానే ఆమె ఎందుకో తెలియకుండా నవ్వింది. భయం తగ్గడానికి నెలలు పట్టింది. నవ్వు మాత్రం ఆ క్షణంలోనే వచ్చేసింది. తనది కాని ఆ నవ్వు ఆమె మనసులో ముల్లులా ఉండిపోయింది.

"పద, సముద్రం దాకా వెళ్లొద్దాం," అన్నాడు ప్రద్యుమ్న.

ఆమె చేతులు కడుక్కుని, చెప్పులేసుకుని, గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్లింది. నాలుగు మీటలూ వరసగా ముట్టింది. వచ్చింది. మళ్లీ వెళ్లింది. మూడోసారి తిరిగొచ్చేసరికి అతను ఇంకా వంగి బూటు లేసు కడుతూనే ఉన్నాడు.

"ఆ ముడి ఇంకా పడలేదా?"

"మూడు రోజుల్నించి పడట్లేదు," అన్నాడతను తల ఎత్తకుండా. "నువ్వొచ్చేదాకా విప్పి కడుతున్నాను."

వకుళ గడప మీద కూచుండిపోయింది.

"ఆ ఆరు పెళ్లికి ముందు తీసిన అంకె. ఇప్పుడు తీస్తే ఎంతొస్తుందో నాకు తెలుసు."

"మరి డాక్టరుగారికి చెప్పలేదేం?"

"చెబితే కరెంటు ఎందుకు సరిపోలేదో లెక్కలన్నీ తిరగేస్తారు. అందులో ఈ సంతోషం కూడా కరెంటు చేసిందేనని తేలితే? గలీబులు చూసి గంతులేసింది నేను కాదని తేలితే? నిన్ను చూస్తే నవ్వు రావడం కూడా..."

"నన్ను చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. మా అక్కకి ఏ తీగా లేకుండానే వస్తుంది."

ఆమె నవ్వింది. నవ్వినందుకు తనమీద తనకే అనుమానం వేసి ఆపేసింది.

"ముద్ర పడితే ఐదేళ్లు ఇంతే. ఐదేళ్లూ ఇక్కడ వంగుని ఉంటావా?"

"ఉంటాను. మరి నీ తొమ్మిదింటి క్లాసు పిల్లలు అంతసేపు ఆగుతారా?"

వృక్షశాస్త్రం చెప్పే మనిషికి ఆ మాట తగిలింది. గోడ దగ్గరకు వెళ్లి, లయకారిని అమర్చిన డాక్టరు సుగుణను తనే పిలిచింది. మూడు రోజులుగా జరుగుతున్నదంతా దాచకుండా చెప్పింది.

సుగుణ తన చోటి నుంచే, యంత్రం రాసుకున్న రోజువారీ చిట్టాను గోడ మీద పరిచింది. ఒకటి పసుపు గీత, ఒకటి నీలం గీత. చాలాసేపు చూసింది.

"వకుళా, ఈ పసుపు గీత నీ ఉల్లాసం. నీలంది కరెంటు. పసుపు లేచిన ప్రతిచోటా నీలం ఏం చేసిందో చూడు."

ఒక మెట్టు దిగింది. ప్రతిచోటా దిగింది. పెళ్లిరోజున ఏకంగా పదకొండు మెట్లు.

"కరెంటు ఎక్కువైతే మనిషికి కారణం లేని ఉషారు వస్తుందమ్మా. నిద్ర ఉండదు, మాట ఆగదు. అది ప్రమాదం. అందుకే ఉల్లాసం కనబడగానే యంత్రం తనే తగ్గిపోతుంది. నువ్వు కొత్త పెళ్లికూతురివని దానికేం తెలుసు? నువ్వు నవ్వినప్పుడల్లా తప్పు తనదే అనుకుంది. ఇప్పుడు మూడో వంతు కూడా పారట్లేదు. మీటల భయం అందుకే తిరిగొచ్చింది."

"ఇలా జరుగుతుందని ఎవరూ అనుకోలేదాండీ?" అనడిగాడు ప్రద్యుమ్న.

"నాలుగు వేలమంది మెదళ్లు చదివి దీనికి సంతోషం అంటే ఏంటో నేర్పారు బాబూ. అందరూ ఆసుపత్రి మంచాల మీదున్నవాళ్లే. కొత్త కాపురంలో ఉన్నవాళ్లు ఒక్కరూ లేరు."

వకుళ రెండు గీతల్నీ మళ్లీ మొదటినుంచి చూసింది. నీలం నేలకు దిగిపోతుంటే పసుపు దాని ఊసే పట్టనట్టు పైపైనే ఎగురుతోంది. వాన రోజు, పాల రోజు, గలీబుల రోజు.

"అయితే ఇదంతా..." అంది. పళ్లెంలోంచి ఒక తొన తీసి నోట్లో వేసుకుంది. ఇంకోటి తీసి ప్రద్యుమ్న నోట్లో పెట్టింది. గోడ మీద పసుపు గీత సన్నగా లేచింది.

"నీదేనమ్మా," అంది సుగుణ.

స్థిరముద్ర వద్దని వకుళ గోడకు గట్టిగా చెప్పింది. సుగుణ ఆ క్షణమే కరెంటును పెళ్లికి ముందున్న చోటికి తెచ్చింది. వారంలో మీటలు వాటంతటవే వదిలేస్తాయని, ఈలోగా యంత్రానికి చదువు చెప్పాలని అంది. దానికి ఒక నమూనా దినం కావాలి. ఆ రోజంతా లయకారి కరెంటును కదపదు, వింటుందంతే.

"ఒక్క సంతోషమే చూపిస్తే చాలదు. చిన్నవీ పెద్దవీ ఉండాలి. విసుగు ఉండాలి. కోపం కూడా. లేకపోతే నీకు కోపమొచ్చిన రోజున అది మళ్లీ పొరబడుతుంది."

"కోపమా? మాకింకా పోట్లాటే రాలేదండీ."

"పంతొమ్మిది రోజులైంది కదమ్మా. ప్రయత్నిస్తే వస్తుంది," అని సుగుణ సెలవు తీసుకుంది.

ప్రద్యుమ్న బల్ల ముందు చేరి రేపటి పట్టీ రాయడం మొదలుపెట్టాడు. వకుళ అతని చేతిలోంచి పెన్ను లాక్కుంది.

"నేను చెప్తాను, విను. రేపు ఐదున్నరకి లేస్తాం. ఏడింటికి కోరంగి మడ అడవుల్లో పడవ, అది పెద్ద సంతోషం. పదింటికి బండి మీద పెసరట్టు, అది చిన్నది. మధ్యాహ్నం మీ అక్క ఇంట్లో భోజనం. అది విసుగు కింద రాస్తున్నాను."

"అక్కతో చెప్తాను."

"చెప్పు. నాలుగింటికి పోట్లాట."

"దేని మీద?"

"ఇప్పుడే చెబితే నువ్వు తెల్లారేలోగా ఒప్పేసుకుంటావు. సరిగ్గా నాలుగింటికి రా. ఒప్పుకోవడానికి మాత్రం రాకు."