పిలిచేవాళ్లు లేని పుర్రె

అమావాస్య!

దీపాలు పెట్టే వేళకే పులికాట్ సరస్సు మీద కారుచీకటి కమ్ముకుంది. తూర్పున ఉరుములు... నీళ్ల మీద నుంచి దిక్కుతోచని కొంగల అరుపులు... కరెంటు పోయింది. దొరవారిసత్రం అవతల, సరస్సు ఒడ్డునున్న ఆ చిన్న మ్యూజియం శ్మశాననిశ్శబ్దంలో మునిగిపోయింది!

పగలైతే అక్కడ పిల్లకాయలు పుల్ల ఐసు చప్పరిస్తూ తిరుగుతారు. గడ్డి కూరిన పక్షులు, ఒక పాత పడవ, నాలుగు వలలు, గాజుపెట్టెలో ఒక పుర్రె... అంతే అక్కడి వైభవం. ఆ పుర్రె ఎప్పుడో ఎవరి వలలోనో పడింది. ఇరవై ఏళ్లు నిండని ఆడపిల్లదని పండితులు తేల్చారు. ఎవరి బిడ్డో తేల్చలేదు. అడిగిన పుణ్యాత్ముడూ లేడు.

ఇప్పుడు ఆ పుర్రె పెట్టెలో లేదు! నెత్తుటి ముగ్గు నడుమ, నూనెదీపం ముందు వికృతంగా ఇకిలిస్తోంది. దాని ఎదుట పద్మాసనంలో నరేంద్రబాబు! నెల్లూరులో ఇస్త్రీ చొక్కా నలగకుండా తిరిగే ఈ పెద్దమనిషి చాటుగా క్షుద్రోపాసకుడు. మూసే వేళకు పడవ వెనక నక్కి, తాళాలు వేయడానికి వచ్చిన రేవతిని ఒడిసి పట్టాడు. రేవతి అక్కడ ఊడ్చి తుడిచే మనిషి, జాలరి వెంకయ్య భార్య. మంత్రించిన బూడిద నొసట పడగానే పాపం, ఆమె నాలుక మడతపడింది. కాళ్లు కొయ్యబారిపోయాయి.

దీపం కొండెక్కేలోగా ఆమె ప్రాణం పోవాలి. ఖాళీ అయిన ఆ దేహంలో నీళ్లలో చచ్చిన ప్రేతం చేరాలి. ఇక ఆ దేహం అతని బానిస... ఎవరిని చూపితే వాళ్ల గొంతు నులిమే బానిస!

"దాసీ! లే! నా ఆజ్ఞ!" అని గర్జించాడు నరేంద్రబాబు.

పుర్రె కదిలింది! రేవతి కళ్లు తెల్లబడ్డాయి. తడి లేని జుట్టులోంచి నీళ్లు ధారకట్టాయి. ఊపిరి ఒక్కొక్కటిగా సన్నగిల్లుతోంది... దీపం చిన్నబోతోంది...

అప్పుడు కిర్రుమంటూ తలుపు తెరుచుకుంది!

వచ్చింది చెంచమ్మ, రేవతి అత్త. కోడలికి పొద్దుటి నుంచి ఒళ్లు వెచ్చగా ఉందని గిన్నెలో గంజి పట్టుకుని, వానలో వెతుక్కుంటూ వచ్చింది.

"రేవతీ! ఏందమ్మే ఇది? ఎవుడు వీడు?"

"ముసలిదానా! ముగ్గు తొక్కావంటే నెత్తురు కక్కుకుని చస్తావ్!"

చెంచమ్మ గడప దగ్గరే ఆగిపోయింది. అంతలో రేవతి నోటి నుంచి రేవతిది కాని గొంతు సన్నగా వినిపించింది.

"చలి... శానా చలిగా ఉండాది... నన్నెవురూ పిలవలా... ఈయన పిలిచినాడు... వచ్చినా..."

ఆ మాటతో చెంచమ్మకు అంతా తెలిసిపోయింది. వాళ్ల పేటలో ఒక ఆచారం ఉంది. నీళ్లలో పోయిన మనిషి శవం దొరక్కపోతే, అయినవాళ్లు ఒడ్డున నిలబడి వరస పెట్టి పిలవాలి. 'నాయనా రా', 'అక్కా రా' అని పిలిచి, ముద్దో గంజో పెట్టి సాగనంపాలి. అప్పుడే ఆ ప్రాణం గట్టెక్కుతుంది. ఆమె తన మొగుణ్ణి అట్లాగే పిలిచి పంపింది. అయితే పరాయి చావును మాత్రం ఎవరూ పిలవరు. పిలిస్తే ఆ చావు తమ ఇంటిదవుతుంది. దానికి తోడుగా నీళ్లు ఇంకొకరిని కోరతాయని భయం.

ఆమె ఒక్కగానొక్క కొడుకు వెంకయ్య, ఆ క్షణాన సరస్సు మీదే ఉన్నాడు!

చెంచమ్మ ఏడ్చింది. కొడుకును తలుచుకుని ఏడ్చింది, ఎదుట కొడిగడుతున్న కోడలిని చూసి ఏడ్చింది. చలి అంటున్న ఆ పసిగొంతు విని ఇంకా ఏడ్చింది. ఏడుస్తూనే ముగ్గులో కాలు పెట్టింది.

"నీ పేరేంది తల్లీ?"

"మరిచిపోయినా..."

"పోతే పోనీ. నువ్వు నా కూతురివి. ఇంటికి రా బిడ్డా... వచ్చి ఈ గంజి తాగు. నీ వదినను వదిలిపెట్టు తల్లీ!"

వంగి పుర్రె పళ్ల మీద గంజి పోసింది. ఒక్క చుక్క కూడా నేల మీద పడలేదు!

రేవతి ఒక్కసారిగా ఊపిరి పీల్చి అత్త ఒళ్లో వాలిపోయింది. ఆమె జుట్టులోని నీళ్లు నేల మీద పాకుతూ నరేంద్రబాబు కాళ్ల దగ్గరికి చేరాయి. అతని మొహంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు.

"దాసీ! ఆగు! నా ఆజ్ఞ! దాసీ!"

"దాసీనా?" పుర్రెలోంచి నవ్వు! "నేను చెంచమ్మ కూతుర్ని!"

సరస్సంతా లోపలికి వచ్చినట్టు ఒక హోరు! అరవబోయిన నరేంద్రబాబు నోట్లోంచి నల్లటి బురద పొంగింది. ఈత రానివాడిలా గాలిలో చేతులు కొట్టుకున్నాడు... కొట్టుకుని కొట్టుకుని, పొడినేల మీద మునిగి చచ్చాడు! మంత్రాలన్నీ నేర్చాడు మహానుభావుడు, తాను పిలిచినవాళ్లకు పిడికెడు అన్నం పెట్టాలని మాత్రం నేర్చుకోలేదు.

అత్తాకోడళ్లు పుర్రెను కొంగులో పొదువుకుని వెళ్లి నీళ్లలో విడిచారు. ఆ తర్వాత తెల్లవార్లూ ఒడ్డునే కూర్చున్నారు. చెంచమ్మ కళ్లు సరస్సు మీది నుంచి మళ్లలేదు. తనకు పుట్టిన బిడ్డను పోగొట్టుకున్నానేమోనని ఆమె భయం.

తెల్లారింది. మంచులోంచి వెంకయ్య పడవ వచ్చింది. అది చూశాకే అత్తాకోడళ్లు ఇంటికి మళ్లారు.

అతను ఇల్లు చేరేసరికి గుడిసెలో పొయ్యి వెలగలేదు. తల్లీ పెళ్లామూ తలారా స్నానం చేసి, తడి జుట్టుతో గుమ్మంలో కూర్చుని ఉన్నారు. వెంకయ్య వాకిట్లోనే నిలబడిపోయాడు.

"ఎవురు పోయినారమ్మా?"

"నీ చెల్లెలు నాయనా."

వెంకయ్యకు చెల్లెలు లేదు. తల్లి మొహంలోకి చూశాడు. భుజం మీది వల కింద పెట్టి, తలస్నానానికి వెళ్లాడు.